జనరేటరు మీద జపాన్ రికార్డు

సిలార్‌ని మధ్యాహ్నం కోర్టుకి తీసుకెళ్తారు. ఒకసారి రిమాండుకి పంపారంటే ఈ కేసు మొహం మళ్ళీ ఎవడూ చూడడు. యజమాని ప్రాణం తీసిన ఆపరేటరని ఊరంతా చెప్పుకుంటుంది. గుంటూరులో ఏ కోల్డ్ స్టోరేజీ వాడూ అతన్ని గేటు దాటనివ్వడు. నా చేతిలో ఉన్నది ఈ ఉదయం ఒక్కటే. అయినా నాకేం కంగారు లేదు. కంగారు పడాల్సిన మనిషి వేరే ఉన్నాడు. పది గంటలకి రమ్మని అతనికి నేనే ఫోన్ చేశాను.

నా పేరు ఫర్హానా. ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఈ పనిలోకి రాకముందు కరెంటు శాఖలో మీటర్లు తనిఖీ చేసేదాన్ని. దొంగ కరెంటు వాడుకునేవాళ్ళని పట్టీ పట్టీ విసుగొచ్చి, మామూలు దొంగల మీద పడ్డాను.

జరిగింది ఇదీ. మొన్న సాయంత్రం మిర్చి కోల్డ్ స్టోరేజీ యజమాని రంగయ్య గారు, మిషన్ల గది పైన కట్టించుకున్న పాటల గదిలో చనిపోయారు. గదులు చల్లబరచడానికి వాడే అమ్మోనియా కింద లీకై, వైర్ల కోసం కొట్టిన కంతలోంచి పైకి వచ్చేసింది. ఆరున్నరకి కరెంటు పోయింది. జనరేటరు మీద ఆ గ్యాసుని నొక్కి తోసే కంప్రెసర్లు వేసి, చూసుకోకుండా ఆపరేటరు సిలార్ నమాజుకి పోయాడు, ఒత్తిడికి గ్యాసు తన్నుకొచ్చింది. ఇది పోలీసుల మాట. కంప్రెసర్లు తాను ఆపేసే వెళ్ళాననీ, తిరిగొచ్చేసరికి పాటల గది తలుపుకి బయట గొళ్ళెం పెట్టి ఉందనీ సిలార్ మాట. అతని మాట నమ్మినవాళ్ళు ఇద్దరు. ఒకరు అతని భార్య నసీమున్నీసా. రెండోది నేను. అది కూడా ఊరికే కాదు, చూశాకే నమ్మాను.

"ఇదేనమ్మా ఆ వాల్వు," అంది నసీమున్నీసా. ఇద్దరం మిషన్ల గదిలో నిలబడి ఉన్నాం. రంగయ్య గారి భార్య నాంచారమ్మ గారు తాళాలిచ్చి, "నిజమేదో తేల్చమ్మా, ఎవరి మాట నమ్మాలో తెలియట్లేదు," అని నాతో అని పంపారు.

గొట్టానికి వేలెడంత చక్రం ఉన్న వాల్వు అది. జాయింటు ఎక్కడా చిట్లలేదు, బోల్టులు బిగుతుగానే ఉన్నాయి. ఒత్తిడికి తన్నుకొచ్చిన గ్యాసైతే ఏదో ఒకటి పగలాలి కదా! ఇక్కడ ఏదీ పగల్లేదు. ఎవరో చేత్తో తిప్పారు, అంతే.

"నీ మొగుడు గ్యాసు ఎలా ఆపాడు?"

"ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని లోపలికెళ్ళి ఇది బిగించాడంట. ఆ తర్వాతే పైకి పరిగెత్తాడు. అందుకే దీని మీద ఆయన వేలిముద్రలున్నాయి. అదే పట్టుకున్నారు ఆ సి.ఐ. గారు."

చక్రం మధ్య నట్టు విప్పి, దాన్ని ఊడదీసి, రుమాల్లో చుట్టి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. పోలీసులకి దీనితో పని అయిపోయింది. నాకింకా ఉంది. తర్వాత నసీమున్నీసా చెవిలో రెండు మాటలు చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి, "నావల్ల అవుద్దంటారా?" అంది.

"పచ్చ బటన్ దేనికి, ఎర్ర బటన్ దేనికి?"

"పచ్చది వేసేది, ఎర్రది ఆపేది. అన్నం క్యారేజీ తెచ్చి ఇక్కడే కూర్చునేదాన్నిగా, ఆ మాత్రం తెలియదా?"

"ఇంకేం, అయిపోయినట్టే."

పైకి వెళ్ళాం. రంగయ్య గారికి మిర్చి వ్యాపారం కడుపు నింపింది గానీ, ప్రాణం మాత్రం ప్రోగ్రెసివ్ రాక్ మీదే. ఒక్కో పాట గ్రామఫోన్ రికార్డు ఒక వైపంతా సాగే ఇంగ్లీషు సంగీతం. అందులోనూ ఆయన పిచ్చి ఇంకో రకం. 'వింటర్ అబ్జర్వేటరీ' అనే బృందం వాళ్ళ ఒకే ఆల్బం మూడు కాపీలు పెట్టుకున్నారు. ఒకటి ఇంగ్లండులో అచ్చయినది, ఒకటి జపాన్‌లో, ఒకటి కలకత్తాలో. పాట ఒకటే, వాయించినవాళ్ళూ వాళ్ళే, అయినా ఏ ప్రెస్సింగుకి, అంటే ఏ అచ్చుకి, ఆ ప్రెస్సింగు వేరేగా వినిపిస్తుందని ఆయన వాదన. రోజూ వాటినే మార్చి మార్చి వినేవారు.

ఏది గొప్పదో తేల్చడానికి ఆయనకో పద్ధతి ఉంది. పాత రోజుల్లో మిర్చి యార్డులో కండువా కింద వేళ్ళు పట్టుకుని బేరమాడేవాళ్ళు చూడండి, అదే. ఏ కాపీ పెట్టారో చెప్పరు. మూడూ వినిపించాక, పక్కన కూర్చున్నవాడు కండువా కింద ఆయన చెయ్యి పట్టుకుని, ఎన్నోది బాగుందో వేళ్ళతో చెప్పాలి. నోటితో చెబితే ఒకరి మాట ఇంకొకరికి అంటుకుంటుందట. ఎవరూ లేకపోతే సిలార్‌ని పిలిచి కూర్చోబెట్టేవారు. ఒక్కరే ఉంటే కండువా కొక్కేనికి వేలాడేది.

పోలీసులు తీసిన ఫోటో నా ఫోన్లో ఉంది. అందులో కండువా కొక్కేనికి లేదు. రెండు కుర్చీల మధ్య పరిచి ఉంది.

నేను ఫోన్ చేసి రమ్మన్న సాయిగణేష్ సరిగ్గా పది గంటలకే వచ్చాడు. వేటపాలెంలో జీడిపప్పు యూనిట్ ఉంది. రికార్డుల మీద యూట్యూబ్ ఛానల్ కూడా ఉంది, దాన్ని చూసేవాళ్ళు చాలామందే. నలభై ఏళ్ళుంటాయి, చక్కటి చొక్కా, చేతిలో నేను తెమ్మన్న అతని సొంత జపాన్ కాపీ. "రంగయ్య గారు నాకు గురువులాంటివారు మేడం," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"నాకీ సంగీతం తెలియదండీ. మూడు కాపీల్లో తేడా ఏంటో కాస్త చెప్తారా?"

అంతే, దుఃఖం ఎటు పోయిందో పోయింది. "ఇంగ్లండు కాపీలో డ్రమ్ము లోతుగా ఉంటుంది మేడం, గుండెల్లో తగుల్తుంది. కలకత్తాది ప్లాస్టిక్ నాసిరకం, శనక్కాయలు వేయిస్తున్నట్టు చిటపటలు. కాకపోతే గొంతు దగ్గరగా వినిపిస్తుంది, అదొక్కటి ఒప్పుకోవాలి. ఇక జపాన్‌ది! ఎంత శుభ్రం! పాటకీ పాటకీ మధ్య ఒక్క చప్పుడుండదు."

"మీ ఇంట్లో ప్లేయరు మీద కూడా అలాగే వినిపిస్తుందా?"

"మాది క్వార్ట్జ్ మేడం. గడియారంలో ఉండేలాంటిది లోపలుంటుంది. కరెంటు హెచ్చినా తగ్గినా స్పీడు వెంట్రుకవాసి మారదు. పాపం, రంగయ్య గారిది పాత మోటారు, దాని నడక కరెంటుని బట్టే. మార్చమని ఎన్నిసార్లు చెప్పానో."

"వెంట్రుకవాసి కూడా మారదంటారు?"

"పందెం."

పందెం కాశాడు కదా, నాకింకేం కావాలి! "మొన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఇంట్లోనే. సి.ఐ. గారికి కూడా చెప్పాను. ఆరు నలభై ఐదుకి జపాన్ కాపీ వింటూ మా రికార్డుల గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. అందరూ విన్నారు."

"నేనూ విన్నానండీ. చాలాసార్లు విన్నాను."

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. సి.ఐ. కోటేష్. నన్ను చూస్తే ఆయనకి పళ్ళనొప్పి వస్తుంది, ఎప్పట్నుంచో అంతే.

"ఏమ్మా ఫర్హానా, కేసు ముగిసిన చోట నీకేం పని?"

"ముగిసిందని మీరనుకున్న చోటే నాకు పనుంటుంది సి.ఐ. గారూ. కూర్చోండి, పాట వినిపిస్తాను."

"పాటా? యాక్సిడెంట్ కేసులో పాటలేంటి? వాల్వు మీద ఆపరేటరు వేలిముద్రలున్నాయి. మాస్కు లేకుండా గ్యాసులోకి పోయి వాల్వు కట్టేశానని కట్టుకథ చెప్తున్నాడు."

"మరి ఈ కండువా సంగతేంటి? మీ ఫోటోలోదే."

"ఘాటుకి ముక్కుకి అడ్డం పెట్టుకునుంటాడు."

"ఊపిరాడక కొట్టుకునే మనిషి ముక్కు దగ్గరి కండువా తీసి, నలగకుండా రెండు కుర్చీల మధ్య పరుస్తాడా? ఇక్కడ ఇద్దరు కూర్చున్నారండీ. సిలార్ మసీదులో ఉన్నాడు, పది మంది చూశారు. మరి ఆ రెండో మనిషెవరు?"

నా ఫోన్లో సాయిగణేష్ మెసేజ్ పెట్టాను. ఆర్గన్ సాగదీసి మోగుతోంది, దాని మీద అతని గొంతు: "వింటున్నారా? ఇదీ జపాన్ ప్రెస్సింగంటే! ఈ పరుగు, ఈ మెరుపు ఇంగ్లండు కాపీలో ఎక్కడుంది?"

తర్వాత అతను తెచ్చిన జపాన్ కాపీనే రంగయ్య గారి ప్లేయరు మీద పెట్టి, అదే చోట ముల్లు దించాను. అదే ఆర్గన్, అదే వరస. కానీ స్థాయి కిందుంది.

మా నాన్న పెళ్ళిళ్ళలో నాదస్వరం వాయించేవాడు. శ్రుతి తప్పినవాడికి మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ఇచ్చేవాళ్ళు కాదు. ఆ చెవి నాది. అయినా దీనికి చెవి అక్కర్లేదు, రెండూ పక్కపక్కన వింటే ఎవడికైనా తెలుస్తుంది. కోటేష్ కనుబొమలు కూడా కాస్త కదిలాయి.

"రెండూ ఒకే రికార్డు. మెసేజ్‌లో పాట పరిగెడుతోంది, ఇక్కడ నడుస్తోంది. ఎందుకంటారు సి.ఐ. గారూ?"

"ఫోన్లో రికార్డు చేస్తే అలాగే వస్తుంది. చైనా ఫోన్లు."

"ఫోన్ తప్పైతే ఆయన గొంతు కూడా సన్నబడాలిగా? గొంతు మామూలుగానే ఉంది. అంటే గదిలో పాటే జోరుగా తిరిగింది. ఇంట్లో ప్లేయరైతే వెంట్రుకవాసి మారదని ఇప్పుడే పందెం కాశారు సాయిగణేష్ గారు."

సాయిగణేష్ నవ్వాడు. మొదటిసారి ఆ నవ్వు ఆలస్యంగా వచ్చింది. "ఒక్కో రోజు అలా... మేడం, ఇవన్నీ వినేవాడి మూడ్‌ని బట్టి కూడా..."

"మూడ్ కాదండీ, డీజిల్. ఆ సాయంత్రం ఈ ప్లేయరు జనరేటరు మీద తిరిగింది. కంప్రెసర్లు ఎక్కగానే ఇంజను కుంగుతుందని, మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఆపరేటర్లు దాన్ని కాస్త పైకే పెట్టి ఉంచుతారు. కంప్రెసర్లు నడుస్తుంటే కరెంటు, మామూలు లైను కరెంటు లాగే, సెకనుకి సరిగ్గా యాభై సైకిళ్ళ మీద ఉంటుంది, పాట కూడా సరిగ్గా ఉంటుంది. కంప్రెసర్లు ఆపేసి ఉంటే ఇంజనుకి బరువుండదు. యాభై రెండుకి పోతుంది, దాని వెంట పాటా పరిగెడుతుంది. మీరు జపాన్ వాళ్ళ పనితనం అనుకుని గ్రూపులో పొగిడింది మా సిలార్ ఇంజను సెట్టింగుని!"

తలుపు దగ్గర నసీమున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అర్థమైందా సి.ఐ. గారూ? పాట పరిగెత్తిందంటే ఆరు నలభై ఐదుకి కంప్రెసర్లు ఆగి ఉన్నాయి. సిలార్ చెప్పింది అక్షరాలా నిజం. పాట మీద ఈయన గొంతుందంటే ఈయన వేటపాలెంలో లేడు. ఈ కుర్చీలో కూర్చుని రికార్డు చేసి, మెట్ల మీదికెళ్ళి పంపాడు."

"ఎందుకుంటాడు? వీళ్ళిద్దరూ స్నేహితులు."

షెల్ఫులోంచి ఇంగ్లండు కాపీ తీశాను. "ఇది ఈయనే రంగయ్య గారికి అమ్మాడు, మొదటి ప్రెస్సింగని చెప్పి. లేబుల్ పక్కన నంబర్లు చూడండి. అసలు వాటి మీద చేత్తో గీకినట్టుంటాయి, ఇవి మిషను కొట్టినవి. నిన్న చెన్నైలో రికార్డులమ్మే ఆయనకి వీడియోలో చూపిస్తే పడీపడీ నవ్వాడు. నిన్నగాక మొన్న అచ్చయిన నకిలీ. ఇలాంటివి ఈయన ఛానల్ చూసినవాళ్ళు ఎంతమంది కొన్నారో! కండువా కింద ఇంగ్లండు కాపీ ఎప్పుడూ ఓడిపోతోందేంట్రా అని రంగయ్య గారు సిలార్‌తో గొణిగారట. అనుమానం వచ్చి ఈయన్నే పిలిచి కూర్చోబెట్టారు. గుట్టు బయటపడుతుందని ఈయన బయట గొళ్ళెం పెట్టి, కిందికెళ్ళి కంప్రెసర్లు వేసి, వాల్వు తిప్పాడు."

"కథ బాగుంది," అన్నాడు కోటేష్. కానీ గొంతులో ముందున్న జోరు లేదు. "రుజువేది? డీజిలింజను వచ్చి కోర్టులో సాక్ష్యం చెప్తుందా?"

"ఇప్పుడే చెప్తుంది. నసీమక్కా! మెయిన్ ఆపి జనరేటరు వెయ్యి. వేసి నువ్వెళ్ళి గేటు దగ్గర కూర్చో. కంప్రెసర్ల జోలికి పోకు."

ఆమె దిగి వెళ్ళింది. కాసేపటికి లైట్లు ఆరాయి, రికార్డు తిరిగే పళ్ళెం మెల్లగా ఆగింది. కింద ఇంజను గర్జించింది. లైట్లు వచ్చాయి, పళ్ళెం మళ్ళీ తిరిగింది. ముల్లు దించాను. ఆర్గన్ మోగింది. ఫోన్లో మెసేజ్ కూడా పెట్టాను. రెండూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. ఎక్కడా సందు లేదు.

కోటేష్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం," సాయిగణేష్ లేచాడు. ఫోన్ చేతిలో ఉంది, అది మోగలేదు. "యూనిట్ నుంచి... బాయిలర్ దగ్గర ఏదో... ఇప్పుడే వస్తా."

కోటేష్ ఆపబోయాడు. నేను ఆయన మోచేయి పట్టుకున్నాను. "వెళ్ళనివ్వండి."

"పారిపోతే?"

"పోడు. పాట ఇంకా సరిచేసుకోలేదుగా."

తలుపు మూసుకుంది. శబ్దం బయటికి పోకుండా మందంగా చేయించిన తలుపు అది, అయినా నేను చెవులు రిక్కించే ఉన్నాను. బయట చిన్నగా టక్కుమంది.

"ఏంటది?"

"గొళ్ళెం."

కోటేష్ ఒక్క ఊపున లేచి తలుపు లాగాడు. రాలేదు. భుజంతో తోశాడు. కదల్లేదు. ఆ క్షణంలోనే కాళ్ళ కింద నేల సన్నగా వణికింది, ఆర్గన్ జారడం మొదలుపెట్టింది. పరిగెత్తుతున్న పాట ఒక్కసారిగా బరువెక్కి, కుంగి, కుంగి, సరిగ్గా ఇందాక మొదట విన్న స్థాయికొచ్చి నిలబడింది.

"విన్నారా సి.ఐ. గారూ?"

"విన్నా... పాట మామూలైంది." ఆయన మొహం పాలిపోయింది. "అంటే కంప్రెసర్లు..."

"ఎవరో వేశారు. సిలార్ మీ లాకప్‌లో ఉన్నాడు. వేసిందెవరంటారు? వాటి జోలికి పోవద్దని నసీమక్కకి మీ ముందే చెప్పాను. మనిద్దరం ఇక్కడే ఉన్నాం."

"ముందు తలుపు సంగతి చూడు తల్లీ! ఇప్పుడు ఆ వాల్వు కూడా తిప్పుతాడు! ప్రయోగం చేయబోయి పోయారంటారు మనల్ని!" ఫోన్ చెవికి పెట్టుకుని జీపు డ్రైవర్ మీద అరుస్తున్నాడు. ఈ గదిలో సిగ్నల్ లేదని ఆయనకి తెలియదు పాపం. మళ్ళీ వెళ్ళి తలుపు మీద పిడిగుద్దులు గుద్దాడు.

నేను హ్యాండ్‌బ్యాగు తెరిచి, రుమాలు విప్పి, వాల్వు చక్రాన్ని రికార్డు ప్లేయరు పక్కన పెట్టాను.

కోటేష్ దాన్ని చూశాడు. నన్ను చూశాడు. "ఇది..."

"అదే. ఇది లేకుండా ఆ వాల్వు తిప్పాలంటే పెద్ద పానా కావాలి. పానాలన్నీ పొద్దున్నే నా కారు డిక్కీలో వేశాను. కూర్చోండి సార్."

ఆయన కూర్చున్నాడు. నిజం చెప్పొద్దూ, గ్యాసు ఘాటు ఎక్కడైనా తగుల్తుందేమోనని నేనూ వైర్ల కంత దగ్గర వంగి వాసన చూశాను. ఏమీ రాలేదు. ఆర్గన్ మోగుతూనే ఉంది.

ఉన్నట్టుండి ఆ పాట మూలిగింది. గొంతు బొంగురుపోయి, ముద్దముద్దగా సాగి, పాతాళంలోకి దిగి ఆగిపోయింది. లైట్లు కూడా పోయాయి. కింద ఇంజను చప్పుడు లేదు.

"ఇప్పుడేమైంది?" కోటేష్ చీకట్లో గుసగుసలాడాడు.

"ఎర్ర బటన్."

కింద షట్టరు దడదడమంటూ దిగిన చప్పుడు నేలలోంచి తెలిసింది. తర్వాత మెట్ల మీద పరుగు. గొళ్ళెం తీశారు. వెలుతురులో నసీమున్నీసా నిలబడి ఉంది, కొంగు నడుముకి చుట్టుకుని, రొప్పుతూ, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని.

"తీశానమ్మా! బస్తాల వెనక నుంచి మొత్తం వీడియో తీశాను. కంప్రెసర్ల పచ్చ బటన్ నొక్కాడు. తర్వాత తిన్నగా వాల్వు దగ్గరికే పోయాడు. ఎటూ చూడలేదు, తెలిసినవాడిలా పోయాడు. చక్రం కోసం తడుముకుంటుంటే ఇంజను ఆపి షట్టరు దించేశాను. లోపల మొత్తుకుంటున్నాడు, వినండి."

విన్నాం. లోపల్నుంచి షట్టరు మీద దబదబా బాదుతున్నాడు, ఏదో అరుస్తున్నాడు. ఆ అరుపులో ఏ ప్రెస్సింగు గొప్పదో మాత్రం లేదు.

నసీమున్నీసా ఫోన్ తీసుకెళ్ళి కోటేష్ చేతిలో పెట్టింది. ఆయన వీడియో చూశాడు. ముందుకి జరిపి మళ్ళీ చూశాడు. ఆమె ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ నిలబడింది, ఇంతసేపూ ఆపుకున్న ఏడుపు ఇప్పుడు తన్నుకొస్తోంది.

"సార్, మా ఆయన గ్యాసులోకి పోయింది అయ్యగారిని బతికించడానికి. ఆ వాల్వు మీద వేలిముద్రలు ఆయనవే సార్. తెరిచినవి కాదు, కట్టేసిన వేలిముద్రలు."

కోటేష్ టోపీ పెట్టుకోకుండానే గది దాటి, సిగ్నల్ దొరికే మెట్ల దాకా వెళ్ళి, స్టేషన్‌కి ఫోన్ కలిపాడు.

"ఒరేయ్, సిలార్‌ని కోర్టుకి తీసుకెళ్ళారా? లేదా? మంచిది. లాకప్ తాళం తియ్యి. ముందు అతనికి టీ తాగించు... ఆఁ, నేనే చెప్తున్నా, తియ్యి."